సామ్యూల్ అన్న పెట్టిన పేర్లు

పోయిన నెల పదోన్నతి కోసం మా సంస్థవాళ్లు నాతో ఒక ఫారం నింపించారు. పదకొండు పేజీలు. ఇప్పటిదాకా ఎన్ని పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి, ఏయే పత్రికల్లో అచ్చయ్యాయి, ఏయే దేశాల శాస్త్రవేత్తలతో కలిసి పనిచేశారు, అన్నిటికీ గళ్లు. మా నాయనమ్మ విమలాదేవి నా పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

తొమ్మిదో పేజీలో ఒక ప్రశ్న ఉంది. "మీ ప్రచురణల్లో మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏది? ఎందుకు? నూట యాభై మాటలకు మించరాదు." నా పేరు మీద ముప్పై రెండు పత్రాలున్నాయి. ఇరవై తొమ్మిదోదాని పేరు రాసి, పసిపిల్లల కండరాల గురించి, ఒక జన్యువు గురించి నూట నలభై ఎనిమిది మాటలు రాసిచ్చాను. అందులో అబద్ధమేమీ లేదు. అసలు సంగతి కూడా లేదు. దాని పక్కనే ఉన్న "సహకారులు" గడిలో సామ్యూల్ అన్న పేరు కొడితే కంప్యూటర్ తీసుకోలేదు, ఏ విశ్వవిద్యాలయమో చెప్పమంది. నాకు ఒళ్లు మండింది. మాటల లెక్క లేని చోట రాసుకుందామని ఇది మొదలుపెట్టాను.

సామ్యూల్ అన్నది పురానాపూల్. తండ్రి మున్సిపాలిటీలో పనిచేసేవాడు. ఇంటర్ ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కి, పిల్లల సర్కారు దవాఖానలో వార్డుబాయ్‌గా చేరాడు. తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, అదే దవాఖానలో ముప్పై మూడేళ్లు పిల్లల నెత్తురు తీశాడు. రోజంతా పసిపిల్లలను ఏడిపించడమే పని. అలాంటి ఉద్యోగం చేసిన మనిషిని తల్లులు ఎందుకంత ఇష్టపడతారో తెలియాలంటే ఒక్కసారి అతని చెయ్యి చూడాలి. రెండు కిలోల బిడ్డ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని, వేడెక్కేదాకా అలాగే పట్టుకుని, "రా తల్లీ, జెర బయటికి రా, ఏమనను" అని నరాన్ని బతిమాలేవాడు. వేరేవాళ్లు మూడుసార్లు పొడిచేచోట అతను ఒక్కసారే పొడిచేవాడు.

నేను అతన్ని మొదటిసారి చూసింది పద్దెనిమిదేళ్ల కింద, పీహెచ్‌డీ మొదలుపెట్టిన కొత్తలో. పుట్టుకతోనే కండరాల్లో బలం లేని పిల్లలుంటారు. పాలు చప్పరించలేరు, గట్టిగా ఏడవలేరు, కొందరు నెలలకే పోతారు. దానికి ఏ జన్యువు కారణమో వెతకడం నా పని. మా గైడు ఇచ్చిన ఉత్తరం పట్టుకుని దవాఖానలో నాలుగు రోజులు తిరిగాను. ఒక్కరూ పట్టించుకోలేదు. ఐదో రోజు ల్యాబ్ కిటికీలోంచి ఒక నల్లటి, సన్నటి మనిషి పిలిచాడు.

"ఎవరి బిడ్డవమ్మా నువ్వు? నాలుగు రోజుల సంది చూస్తున్న, గిట్లనే తిరుగుతున్నవ్."

"కార్వాన్ గుండయ్య మనవరాలిని."

"పప్పుల గుండయ్యనా? మా అమ్మ ఆడనే తెచ్చేది కందిపప్పు. రా, లోపటికొచ్చి కూసో."

మా శాస్త్రీయ సహకార ఒప్పందం అలా కుదిరింది. సంతకాలు లేవు. ఆ తర్వాత నాకు పీహెచ్‌డీ వచ్చేసరికి అమ్మా, బిడ్డా అన్న పిలుపులు పోయి మేడం అయ్యాను. నేనెంత వద్దన్నా వినలేదు.

నాకు కావలసిన పిల్లలు వార్డులో చేరితే, డాక్టర్లు చెప్పాక, తల్లిదండ్రులకు విషయం అర్థమయ్యేలా చెప్పి సంతకం పెట్టించి నెత్తురు తీసేది అతనే. తీశాక పురానాపూల్ దగ్గర దుకాణంలో బరఫ్ గడ్డ కొని, నోరు వెడల్పుగా ఉన్న ఫ్లాస్కులో వేసి, అందులో ట్యూబులు పెట్టి, రెండు బస్సులు మారి ఊరి అవతల ఉన్న మా సంస్థకు తెచ్చేవాడు. ఆటోలో రమ్మంటే వినేవాడు కాదు. ఆటో కుదుపులకు నెత్తురు పాడవుతుందని అతని నమ్మకం. బస్సులో ఫ్లాస్కును ఒడిలో పెట్టుకుని కూర్చుంటే పక్కవాళ్లు చాయ్ అనుకుని అడిగేవారట.

నా పత్రాల్లో తొమ్మిదింటి చివర "సాంకేతిక సహాయానికి కృతజ్ఞతలు" అన్నచోట అతని పేరుంది. అచ్చయినవన్నీ తీసుకెళ్లి చూపించేదాన్ని. అతను తన పేరు వెతుక్కునేవాడు కాదు. పట్టికలున్న పేజీ తిప్పి, "మన పిల్లలేరి మేడం?" అని అడిగేవాడు. వీళ్లే అని చూపించేదాన్ని. మూడో కుటుంబం, రెండో బిడ్డ. ఏడో కుటుంబం, మొదటి బిడ్డ. అంకెలే కదా అని ముఖం చిన్నబుచ్చుకుని, జేబులోంచి పెన్ను తీసి, ఆ అంకెల పక్కన ఏదో రాసుకునేవాడు. ఏం రాస్తున్నావని నేను ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

మూడేళ్ల కింద, రిటైరైన ఆరు నెలలకు, సామ్యూల్ అన్న ఫ్లాస్కు లేకుండా మా సంస్థకు వచ్చాడు. వెంట ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి, ఆమె చెయ్యి పట్టుకుని నాలుగేళ్ల పాప.

"మేడం, ఈమె కమల. జియాగూడల ఉంటరు. ఈమె పెనిమిటి మహేందర్ ట్రాలీ ఆటో నడుపుతడు. యాదికొచ్చిందా?"

ముఖం చూస్తే నాకేం గుర్తురాలేదు. పేరు వినగానే గుర్తొచ్చింది, ఐదో కుటుంబం. భార్యాభర్తలు మేనబావా మరదళ్లు. మొదటి బిడ్డ రెండున్నర నెలలకు చనిపోయింది. ఆ కుటుంబం గురించి నాకు ఇవన్నీ తెలుసు, ఎదురుగా నిలబడితే కుర్చీ చూపించడం మాత్రం ఆలస్యమైంది.

కమల కూర్చుంది. పాప వెళ్లి నా తిరిగే కుర్చీ ఎక్కి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది.

"నా మొదటి బిడ్డ దవాఖాన్లనే పుట్టింది, దవాఖాన్లనే పోయింది మేడం," అంది కమల. "ఇప్పుడు నాకు మల్ల రెండో నెల. ఈసారి పుట్టే బిడ్డ ఎట్లుంటదో మీ కాడ తెలుస్తదని సామ్యూల్ బాపు తోల్కొచ్చిండు. గట్ల ఇంకో బిడ్డను చూడలేను. ఉంచుకోవాల్నో వద్దో, జెర ముందే చెప్పుండ్రి."

ఆమె చూపు నా ముఖం మీదే ఉంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువయ్యేది.

ఉన్నదున్నట్టు చెప్పాను. మనలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒకటి చెడిపోతే ఏమీ కాదు, రెండోది నెట్టుకొస్తుంది. రెండూ చెడిపోతేనే జబ్బు. ఈ రకం జబ్బుకు మాకు ఐదు కుటుంబాలున్నాయి. నాలుగింట్లో జబ్బు పడ్డ పిల్లలందరికీ ఒకే జన్యువు రెండు ప్రతులూ చెడి ఉన్నాయి. దొరికిందని ఎగిరి గంతేశాం. ఐదో ఇంట్లో, అంటే కమల ఇంట్లో, బిడ్డకు ఒక్క ప్రతే చెడి ఉంది. అంటే జబ్బుకు కారణం అది కాదు. రెండేళ్లు చేసిన పని పక్కన పడేసి, ఇంకో జన్యువు కోసం వెతుకుతున్నాం.

"అంటే తెల్వదా మేడం?"

"ఇప్పటికైతే తెల్వదమ్మా."

కమల తల ఊపి, పాపను దిగమని సైగ చేసింది. సామ్యూల్ అన్న మాత్రం లేవలేదు. కుర్చీలో తిరుగుతున్న పాపనే చూస్తున్నాడు.

"మరి ఈ పిల్లది చూస్తిరా మేడం? ఈమెది గూడ తీసి పంపిన గదా. తోబుట్టువులది గూడ కావాలె అని మీరే అంటిరి."

"ఎప్పుడు పంపినవ్ అన్నా?"

"మీరు జర్మనీల ఉన్నప్పుడు. మీ ల్యాబ్ పిల్లలకిచ్చి పోయిన."

"ట్యూబు మీద ఏం పేరు రాసినవ్?"

"అప్పటికి పేరు యాడిది? అందరికి రాసినట్టే. బేబీ ఆఫ్ కమల."

 లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను.

మన దవాఖానల్లో అందరికీ తెలిసిన సంగతే. ఇరవై ఒకటో రోజున తొట్టెల చేసి పేరు పెట్టేదాకా బిడ్డకు పేరుండదు. అప్పటిదాకా కాళ్లకు కట్టే చీటీ మీదా, కేసు షీటు మీదా, నెత్తురు ట్యూబు మీదా తల్లి పేరే. కమల మొదటి బిడ్డ ఇరవై ఒకటో రోజున గాజుపెట్టెలో ఉంది. తొట్టెల జరగలేదు. రెండో బిడ్డ పుట్టాక, పేరు పెడితే ఎక్కడ కన్ను పడుతుందోనని ఇంట్లోవాళ్లు ఏడాదిదాకా పెట్టలేదు. ఇద్దరు బిడ్డలు, రెండు ట్యూబులు, రెంటిమీదా "బేబీ ఆఫ్ కమల".

జర్మనీ నుంచి వచ్చాక ఫ్రీజర్‌లో ఉన్న నెత్తురు ట్యూబులన్నిటి నుంచీ ఒకే వారంలో డీఎన్‌ఏ తీశాను. ఒకే పేరుతో రెండు కనిపించాయి. ఒకదాంట్లో అడుగున కొంచెం, ఇంకోదాంట్లో నిండుగా. మొదటిసారి సరిపోక సామ్యూల్ అన్న మళ్లీ తీసి ఉంటాడనుకున్నాను. ఇద్దరూ ఆడపిల్లలే కాబట్టి తర్వాత యంత్రమూ తప్పు పట్టలేదు. నిండుగా ఉన్నదాన్ని జబ్బు బిడ్డదిగా వాడుకుని, చిన్నదాన్ని మూలకు పెట్టాను. ఫోన్ తీసి సామ్యూల్ అన్నను ఒక్క మాట అడిగితే తేలిపోయేది. బెర్లిన్‌లో ఉన్న మా సహకార శాస్త్రవేత్తకు వారానికి మూడు ఉత్తరాలు రాసేదాన్ని, పురానాపూల్‌కు ఫోన్ చేయడానికి తీరిక లేకపోయింది.

"కమలా, మమ్మల్ని తప్పుదోవ పట్టించింది జన్యువు కాదు," అన్నాను. "నేనే. ఏ ట్యూబు ఏ బిడ్డదో తేలితే నీకు జవాబు చెప్పగలుగుతనేమో. కానీ అందాజగ చెప్పలేను. పక్కా తేలాలె."

"నా బుక్కుల ఉంటది మేడం," అన్నాడు సామ్యూల్ అన్న. "ఐతారం ఇంటికి రాండ్రి."

జల్‌పల్లిలో రిటైరయ్యాక సామ్యూల్ అన్న కట్టుకున్న ఇల్లు ఎనభై గజాల్లో రెండు గదులు. ఆదివారం ప్రార్థన నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, అతని భార్య నీలమ్మ తెల్లచీర ఇంకా మార్చుకోలేదు. నేను వెళ్లేసరికి మహేందర్ ట్రాలీ ఆటో గుమ్మం ముందుంది. కమలకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదట. మహేందర్ గోడకు ఆనుకుని, కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడ్డాడు.

సామ్యూల్ అన్న బీరువా మీదినుంచి ఒక పొడుగాటి రిజిస్టరు దించాడు. ఒకప్పుడు దవాఖాన వంటశాలవాళ్లది, మొదటి పేజీల్లో ఏ వార్డుకు ఎన్ని బ్రెడ్డు ముక్కలో రాసి ఉంది. దానికి క్యాలెండర్ కాగితంతో అట్ట వేసుకున్నాడు. తెరిస్తే, వరుసగా తల్లుల పేర్లు, ప్రతి పేరు పక్కనా ఇంకో పేరు. సుజాత పాప, రూతు. ఫర్హానా బాబు, ముత్యం. లక్ష్మి బాబు, దావీదు. బాలమణి పాప, చిట్టి.

"ఈ రెండో పేర్లేంది అన్నా?"

అతను కొంచెం సిగ్గుపడ్డాడు. "ఒకే దినం నలుగురు లక్ష్మిలుండేది మేడం. కలిసిపోతరని మనసుల ఒక పేరు అనుకునేది. సూది గుచ్చేటప్పుడు పిలువనీకె గూడ ఒకటి ఉండాలె గద. బేబీ ఆఫ్ లక్ష్మీ, బేబీ ఆఫ్ లక్ష్మీ అని బతిమాలుతమా?"

నా పత్రాల్లో అంకెల పక్కన పెన్నుతో రాసుకున్నవి ఈ పేర్లే. నాకు అప్పుడు తెలిసింది. పదిహేనేళ్లు పక్కనే ఉండి చూడనిది ఒక్క పేజీలో కనిపించింది.

అతను వేలితో వరుసలు దిగుతూ వెళ్లాడు. మహేందర్ గోడను వదిలి ముందుకొచ్చాడు.

"ఇగో. కమల పాప. సోనీ. కుడి చెయ్యి. రెండు మిల్లీలు, పెద్ద ట్యూబు. వార్డు మొత్తం లేపింది."

వార్డు మొత్తం లేపిన మనిషి ఆ సమయానికి నీలమ్మ ఇచ్చిన బిస్కెట్టు సగం తిని, సగం వాకిట్లో ఉన్న కుక్కపిల్లకు పెడుతోంది. నేను కమల వైపు తిరిగాను. "సోనీ అని పెట్టింది ఈయనేనా?"

"బాపు దవాఖాన్ల గట్లనే పిలిచేది. ఏడాది దాక మేము పేరు వెట్టలే. అందరికి అదే నోట్ల పడ్డది, గదే పేరైంది," అంది కమల. అంటూనే ఆగిపోయింది. రిజిస్టరు వైపు చూసింది. తర్వాత సామ్యూల్ అన్న వైపు.

"బాపూ, మరి పెద్దదాన్ని ఏమని పిలిచినవ్?"

సామ్యూల్ అన్న వెనక్కి పేజీలు తిప్పాడు. చాలా తిప్పాడు. ఒకచోట ఆగి, రిజిస్టరును కమల వైపు జరిపాడు. కమల ఏడో తరగతి దాకా చదువుకుంది. వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది.

"కమల పాప. స్వీటీ. ఎడమ కాలు. అర మిల్లీ, చిన్న ట్యూబు. ఏడ్వలేదు."

 కమల అదే వరుస మళ్లీ చదివింది. ఈసారి ఒక్క మాటే, "స్వీటీ" అని.

"నా బిడ్డకు పేరుండెనా బాపూ?"

"ఉండె బిడ్డా. రెండున్నర నెలలు గదే పేరుతోని పిలిచిన. కండ్లు తిప్పి చూసేది."

అప్పుడు ఏడ్చింది కమల. ఆరేళ్లు ఆపుకున్నట్టుగా ఏడ్చింది. ఆ బిడ్డను తలచుకోవడానికి వాళ్ల ఇంట్లో ఒక మాట కూడా లేదు, "ఆ పాప", "పోయినామె", అంతే. మహేందర్ అంత పొడుగు మనిషీ కింద, ఆమె పక్కన చతికిలబడి, ఆ పేజీ మీద చెయ్యి పెట్టాడు. నీలమ్మ వచ్చి కమల తలను తన కడుపుకు హత్తుకుంది. నేనేం చేశానని అడగకండి. నా కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాను.

"ఒకటి, రెండు అని రాయవలసి ఉండె మేడం ట్యూబు మీద," అన్నాడు సామ్యూల్ అన్న నన్ను సాగనంపుతూ. "నా తప్పే."

"నువ్వు పేర్లు రాసుకున్నవ్ అన్నా. అడగనిది నేను," అన్నాను.

మర్నాడే ఫ్రీజర్ మూలలోంచి చిన్న ట్యూబు తీశాను. అడుగున కంటికి కనిపించీ కనిపించనంత. పరీక్ష ఒక్కసారికే సరిపోతుంది, చెయ్యి వణికితే మళ్లీ లేదు. పదిహేనేళ్లుగా చేస్తున్న పనే, ఆ రోజు మాత్రం ట్యూబును చేతిలో పట్టుకుని, ఎవరూ లేరని చూసుకుని, "రా తల్లీ, జెర బయటికి రా" అన్నాను. నన్ను చూసి నాకే నవ్వొచ్చింది.

మూడు రోజులకు తెలిసింది. స్వీటీకి రెండు ప్రతులూ చెడి ఉన్నాయి. కమలకు ఒకటి, మహేందర్‌కు ఒకటి, సోనీకి ఒకటి. ఐదో కుటుంబం కూడా కుదిరింది. మేం పారేసిన జన్యువే అసలు జన్యువు.

నా పరిశోధన మాట మీద ఒక తల్లి నిర్ణయం తీసుకోకూడదు. అందుకు గుర్తింపు ఉన్న వేరే పరీక్షా కేంద్రం ఉండాలి, వాళ్లు మళ్లీ మొదటినుంచీ చూడాలి. చూశారు. మూడో నెల దాటే ముందు కమల గర్భం నుంచి నమూనా తీశారు. జవాబుకు పన్నెండు రోజులు పడుతుందన్నారు. ఆ రోజులన్నీ సామ్యూల్ అన్న పొద్దునే ఫోన్ చేసి, ఏమీ అడగకుండా, "తిన్నరా మేడం?" అని పెట్టేసేవాడు. మా ఇంట్లో అప్పటికి ఇంకా పొయ్యి కూడా వెలిగేది కాదు.

పదకొండో రోజున వచ్చింది. నేనే జియాగూడ వెళ్లాను. కమల గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయింది.

"సోనీ లెక్కనే ఉంటది కమలా. ఒక్కటే చెడ్డది. రెండోది మంచిగున్నది."

"సోనీ లెక్కనా?"

"సోనీ లెక్కనే."

"గట్లయితే వాడకట్టు మొత్తం లొల్లి లొల్లే," అని మహేందర్ లోపలినుంచి అన్నాడు. అతని నోటినుంచి నేను విన్న మొదటి పూర్తి మాట అదే. అని, గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు.

బిడ్డ పుట్టిన రోజున దవాఖానలో సిస్టర్ చీటీ మీద "బేబీ ఆఫ్ కమల" అని రాస్తుంటే, పురుటి మంచం మీదినుంచే కమల ఆపించిందట. "గది కొట్టేయి సిస్టర్. అక్షయ్ అని రాయి." ఇరవై ఒకటి కాకముందే ఏంటని అత్తగారు గొణిగితే, పేరు లేకుంటేనే నాకు ఫికర్ అందట. ఈ సంగతి నాకు చెప్పింది సామ్యూల్ అన్న. చెబుతున్నంతసేపూ సొంత మనవడు పుట్టినట్టే ఉన్నాడు.

ఇక పత్రం రాయాలి. ఐదు కుటుంబాలు సరిపోవు, జన్యువు చెడితే కండరం బలం పోతుందని ఇంకో జీవిలో చూపించాలి. దానికి బెంగళూరులో రశ్మి ఉంది. పండ్ల మీద ముసిరే చిన్న ఈగల మీద పనిచేస్తుంది. మాటకారి, మనసున్న మనిషి. కమల కుటుంబంలో దొరికిన లోపాన్నే ఈగల్లో చేసి, ఒక కొత్త వంశాన్ని తయారుచేసింది. ఈగల మీద పనిచేసేవాళ్లకు ఒక మంచి అలవాటుంది. తయారుచేసిన ప్రతి వంశానికీ ఒక పేరు పెడతారు, ఆ పేరుతోనే అది పత్రాల్లోకి ఎక్కుతుంది, ప్రపంచంలో ఎవరు ఆ ఈగలు తెప్పించుకున్నా ఆ పేరుతోనే అడగాలి.

"లోపం మీ దగ్గరినుంచి వచ్చింది. పేరు మీరే చెప్పండి," అంది రశ్మి.

పత్రాల్లో రోగుల పేర్లు రాయకూడదు. అది మంచి నియమమే. కానీ నా మనసులో ఉన్న పేరు ఏ కేసు షీటులోనూ లేదు, ఏ జనన ధ్రువపత్రంలోనూ లేదు, మరణ ధ్రువపత్రంలోనూ లేదు. క్యాలెండర్ అట్ట వేసిన ఒక వంటశాల రిజిస్టరులో తప్ప ఎక్కడా లేదు. ఏ నియమమూ అడ్డం రాలేదు.

అయినా తల్లిని అడగాలి. జల్‌పల్లిలోనే అడిగాను. ముందు కస్సుమన్నది సామ్యూల్ అన్న.

"ఈగకా మేడం? బంగారం అసుంటి బిడ్డ పేరు ఈగకు పెడ్తరా?"

కమల మాత్రం అక్షయ్‌ను భుజం మార్చుకుని అడిగింది. "బుక్కుల పడ్తదా మేడం ఆ పేరు?"

"పడ్తది."

"అందరు చదువుతరా?"

"ఈ జబ్బు మీద పనిచేసేటోళ్లందరు చదువుతరు. వేరే దేశాలోళ్లు గూడ. స్వీటీ అనే అంటరు."

"పెట్టుండ్రి మరి," అంది కమల.

పత్రం అచ్చు కావడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. రచయితల్లో నాలుగో పేరు సామ్యూల్ అన్నది. పత్రికవాళ్లు అతను ఏ సంస్థకు చెందినవాడో రాయమన్నారు. దవాఖాన పేరు రాయనా అంటే, "రిటైరైన గద, అబద్ధమైతది. జల్‌పల్లి అని రాయుండ్రి," అన్నాడు. అలాగే రాశాను. అమెరికా, జర్మనీ విశ్వవిద్యాలయాల మధ్య జల్‌పల్లి దర్జాగా కూర్చుంది.

అచ్చు ప్రతి పట్టుకుని పోయిన ఏడు ఒక ఆదివారం వెళ్లాను. అందరూ ఉన్నారు. సామ్యూల్ అన్న అలవాటు చొప్పున పట్టిక తిప్పి, "మన పిల్లలేరి మేడం?" అన్నాడు. ఈసారి అంకెలు చూపించలేదు. స్వీటీ అన్న మాట ఎక్కడుందో చూపించాను. ఒకచోట కాదు, అరవై ఒక్క చోట్ల ఉంది. నేను లెక్కపెట్టాను. అతను పెన్ను తీయబోయి, రాయవలసింది ఏమీ లేదని గ్రహించి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఫోనులో రశ్మి పంపిన వీడియో పెట్టి కమల చేతికిచ్చాను. పక్కపక్కన రెండు గాజు గొట్టాలు, రెండిట్లోనూ ఈగలు. గొట్టాన్ని బల్ల మీద తట్టితే ఈగలన్నీ అడుగుకు పడతాయి. బలమున్నవి వెంటనే గోడ పట్టుకుని పైకి ఎక్కుతాయి. ఎడమ గొట్టంలోవి పడ్డచోటే కాళ్లాడిస్తూ ఉండిపోయాయి. కమల వాటినే చూస్తూ ఉండిపోయింది. బొటనవేలు ఆ గాజు మీద పెట్టింది, ఫోను గాజు మీద.

"ఇవ్వే గదా మేడం."

"ఇవ్వే."

"మరి గీ పక్కవి?" కుడి గొట్టంలోవి పోటీపడి ఎక్కుతున్నాయి. సగానికి వచ్చాయి, సగం దాటాయి.

"అవి గూడ స్వీటీయే కమలా. వాటికి మంచి జన్యువు ఒకటి ఇచ్చినం. గంతే."

వీడియో అయిపోతే కమల మళ్లీ మొదటినుంచి పెట్టింది. కుక్కపిల్ల వెంట పరుగెడుతున్న కూతుర్ని కేకేసి, దగ్గరికి లాక్కుని, ఫోను ఆమె ముఖం ముందు పెట్టింది.

"సోనీ, గిటు చూడు. మీ అక్క ఎట్ల ఎక్కుతున్నదో చూడు."